బోర్డు మారింది, బల్ల మారలేదు: ఎన్టీఆర్ వైద్యసేవ

ఎన్టీఆర్ వైద్యసేవ అంటే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉచిత వైద్య పథకం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఈ పథకానికి ప్రభుత్వం మారితే పేరు బోర్డు మారుతుంది. కాకినాడలోనో భీమవరంలోనో ఆసుపత్రి మెట్లెక్కినవాళ్లకు మాత్రం అసలు దిక్కు వైద్యమిత్ర, అంటే ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే సహాయకుడు, కూర్చునే బల్లే. ముందు అక్కడికే వెళ్లండి. ఆధార్, రేషన్ కార్డు చూపాలి, రిపోర్టులు ఆన్‌లైన్‌లో ఎక్కించాక పథకాన్ని నడిపే ట్రస్టు అనుమతి రావాలి. ప్రాణం మీదకొచ్చిన కేసైతే ఫోన్లో అనుమతి తీసుకునే వీలుంది, గట్టిగా అడగండి.

ఎక్కువగా చిక్కు పడేది పేర్ల దగ్గరే. కొత్త కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంటుంది, లేదా ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, కార్డులో ఇంకోలా. జబ్బు రాకముందే సచివాలయంలో సరిచేయించుకోవాలి. ఇంకోటి: నెట్‌వర్క్ ఆసుపత్రి, అంటే పథకంలో చేరిన ఆసుపత్రి, అన్నంత మాత్రాన అన్ని విభాగాలూ పథకంలో ఉండవు. గుండెకు ఉండి, ఎముకలకు లేకపోవచ్చు.

2023 డిసెంబరులో చికిత్స ఖర్చు పరిమితి 25 లక్షల రూపాయలకు పెంచారు. వినడానికి ఘనమే! కానీ అది కుటుంబానికి ఏడాది గరిష్ఠం. ఆసుపత్రికి అందేది చికిత్సవారీ ప్యాకేజీ ధరే. ఆ బిల్లులు నెలల తరబడి ఆగితే "బెడ్లు ఖాళీ లేవండి" అనే మాట మొదలవుతుంది. పరిమితి పెంచుతామన్న నాయకుణ్ణి ఆసుపత్రుల బకాయిలు ఎప్పటిలోగా కడతారో అడగాలి.

మామూలు జ్వరం ఓపీకి ఈ పథకం పనికిరాదు. ప్రైవేటు ఆరోగ్య బీమా పాలసీ తీసుకునేవాళ్లకు 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ పాలసీలపై 18 శాతం జీఎస్టీ పోయింది. వయసుతో పెరిగే ప్రీమియం మాత్రం పోలేదు.