పర్లాకిమిడి వాళ్ళూ, పరుపు కోసం వంతెన దాటే ముందు ఇది చదవండి

మధ్యాహ్నమే ఆ షాపు నుంచి తిరిగొచ్చాను. ఇంకా చేతులు వణుకుతున్నాయి. రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. ఇవాళ రాయకపోతే రేపు ఇంకెవరో అక్కడ డబ్బు కట్టేస్తారని రాస్తున్నాను.

షాపు పేరు రాయను. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రా వైపు పాతపట్నంలోకి వెళ్తే, రథయాత్ర ఆఫర్ అని ఆటోకి మైకు కట్టి మన వీధులన్నీ తిప్పారే, అదే. కాశీనగరం, గుణుపురం వైపు వాళ్ళు కూడా అక్కడికే వస్తున్నారని విన్నాను కాబట్టి వాళ్ళకీ ఇది చేరాలి.

అమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ అయింది. మెత్తగా కుంగిపోయే పడక వద్దు, గట్టిగా ఉండేది చూడమని డాక్టరు చెప్పారు. ఇంట్లో ఉన్నది బూరుగుదూది పరుపు. అందుకే జూన్‌లో వెళ్ళాం. అప్పుడు ఆ ఓనరు అమ్మని పిన్నీ అని పిలిచాడు. ఫ్యాను తిప్పి, మంచినీళ్ళిచ్చి, షోరూంలో పరిచిన పరుపు మీద పడుకోబెట్టాడు. అది నిజంగా మంచి పరుపే. అమ్మ పక్కకి తిరిగి పడుకుని, "హాయిగా ఉందమ్మీ" అంది. కింద నాలుగంగుళాలు రీబాండెడ్ అనే గట్టి పొర, పైన రెండంగుళాలు 40 డెన్సిటీ ఫోమ్, ఏడేళ్ళ వారంటీ అన్నాడు. 72 అంగుళాలకి 48, ఆరంగుళాల మందం. ధర 14,500. పాత పరుపు ఇస్తే 1,500 తగ్గిస్తానన్నాడు. సరే అన్నాను.

పెద్ద బిల్లు వేస్తే జీఎస్టీ పడుతుందన్నాడు. తెల్ల కాగితం మీద "పరుపు 1" అని రాసి స్టాంపు వేసిచ్చాడు. దానికీ సరే అన్నాను. డిగ్రీ చదివిన దాన్ని, పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని, ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుని వచ్చేశాను. నా మీద నాకు కోపం అక్కడే మొదలవుతుంది.

మర్నాడు పరుపు వచ్చింది. తెచ్చిన గుంటడు దాన్ని ఒంటిచేత్తో తలమీద పెట్టుకుని మేడమీదికి మెట్లెక్కేశాడు. ఆ క్షణంలో నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. ప్లాస్టిక్ కవరైనా విప్పించకుండా సంతకం పెట్టేశాను. కిందికి దిగుతూ వాడు అమ్మ పాత పరుపు పట్టుకెళ్ళాడు.

మూడు నెలలు. అమ్మ పడుకునే చోట గుంట పడింది. గుంట మీద అడ్డంగా కర్ర పెట్టి స్కేలుతో కొలిస్తే దగ్గర దగ్గర రెండంగుళాలు. రాత్రి పక్కకి తిరగాలంటే అమ్మ నన్ను లేపుతోంది. మంచం కింద చెక్క సమంగానే ఉంది, అదీ చూశాను. ఫోన్లు చేశాను, "రేపు మనిషిని పంపుతా" అని దసరా దాకా తోశాడు. ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. ఇవాళ ఆటో కట్టించుకుని వెళ్ళాను. పెద్దావిడని చూస్తే కాదనలేడని అమ్మనీ తీసుకెళ్ళాను. ఆ పని చెయ్యకుండా ఉండాల్సింది.

షాపులో ఇంకో కుటుంబం పరుపులు చూస్తోంది. నేను ఫోన్లో గుంట ఫొటోలు చూపించాను. అతను ఫొటో చూడలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మా అమ్మని పైనుంచి కిందదాకా చూశాడు. చూసి ఏమన్నాడో రాస్తున్నాను, ఒక్క ముక్క కలపడం లేదు.

"ఏటమ్మా, ఈవిడ పడుకుంటే ఇనప మంచమైనా వంగిపోద్ది. పరుపుదేటి తప్పు?"

పనివాళ్ళు నవ్వారు. పరుపు చూడ్డానికొచ్చిన వాళ్ళలో ఒకాయన కూడా నవ్వాడు.

అమ్మ రెండేళ్ళు మోకాళ్ళ నొప్పితో గుమ్మం దాటలేదు. అలా కూర్చుని కూర్చుని లావైంది. జూన్‌లో ఇదే మనిషి, ఇదే అమ్మని పిన్నీ అని చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు. అప్పుడు ఈ బరువు కనబడలేదా? నేను ఏదో అనబోయాను, గొంతు పూడుకుపోయింది. అమ్మ పమిట భుజం చుట్టూ కప్పుకుంది. "పదమ్మీ, ఇంటికెళ్ళిపోదాం" అంది. కర్ర పట్టుకుని తనే లేచింది, నా చెయ్యి కూడా పట్టుకోలేదు. వెనకనుంచి అతను, "కావాలంటే ఇంకో అయిదు వేలు కట్టండి, గట్టిది ఇస్తాను" అన్నాడు.

ఆటోలో మాట్లాడలేదు. వంతెన మీదికొచ్చాక అంది: "నేను రాకుండా ఉండాల్సింది. నువ్వొక్కదానివే వెళ్తే మార్చి ఇచ్చేవోడేమో."

అతను 13,000 తీసుకున్నాడు, సరే. అమ్మ చేత ఆ మాట అనిపించాడు, దాన్ని మాత్రం వదలను.

ఇంటికి రాగానే పక్కింటి అబ్బాయి సాయంతో పరుపుని వీధి చివర బియ్యం కొట్టుకి పట్టుకెళ్ళి కాటా మీద పెట్టించాను. 12 కిలోలు! లెక్క చెప్తాను, మీరే చూడండి. డెన్సిటీ 40 అంటే ఒక ఘనమీటరు ఫోమ్ 40 కిలోలు తూగాలి. రీబాండెడ్ అంటే ఫోమ్ ముక్కల్ని జిగురుతో కలిపి అదిమి చేసింది, రంగురంగుల చుక్కలతో ఉంటుంది. అది ఇంకా బరువు. 90 డెన్సిటీ వేసుకున్నా నా సైజులో నాలుగంగుళాల పొరే 20 కిలోలు దాటుతుంది. పైన రెండంగుళాల ఫోమ్ ఇంకో నాలుగున్నర. అంటే 25 కిలోల బియ్యం బస్తాకి తగ్గకూడదు. నాకు ఇచ్చింది అందులో సగం కూడా లేదు.

వారంటీ పోతుందని ఇన్నాళ్ళూ కుట్టు ముట్టుకోలేదు. ఇవాళ వీడియో తీస్తూ బ్లేడుతో విప్పాను. పైన ఒక అంగుళం స్పాంజి. అడుగున ఒక అంగుళం చుక్కల రీబాండెడ్, చేత్తో నొక్కి చూసేవాళ్ళకి గట్టిగా తగలాలి కదా, అందుకు. మధ్యలో నాలుగంగుళాలు టీవీ, ఫ్రిజ్ డబ్బాల్లో దెబ్బ తగలకుండా పెట్టే తెల్లటి షీట్లు, ఒకదాని మీద ఒకటి. అవి ఒకసారి అణిగాయంటే మళ్ళీ లేవవు. అమ్మ బరువు కాదు, ఎవరు పడుకున్నా అంతే.

1915కి ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. ఫిర్యాదు రాసుకున్నారు. షాపు ఆంధ్రాలో ఉంది, మనం ఒడిశాలో ఉన్నాం, ఏం చెయ్యగలం అని వదిలెయ్యకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. 5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టంలో తప్పే. ఎనిమిది వేలు ఫోన్లోనే పంపాను కాబట్టి ఆ రుజువు ఉంది, మిగతా అయిదు వేలు చేతికిచ్చాను. మన గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేస్తాను.

కొనేవాళ్ళకి: జిప్పు ఉన్న పరుపే తీసుకోండి, తెరిచి పొరలు చూడండి. ఇంటికొచ్చాక తూచండి. ఏ పొర ఎన్ని అంగుళాలు, ఎంత డెన్సిటీ అన్నది బిల్లు మీద రాయించండి. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉండాలి, పాతపట్నం షాపైతే 37తో, మన ఊరిదైతే 21తో మొదలవుతుంది. వారంటీ కార్డు మీద తేదీ, స్టాంపు లేకపోతే అది ఉత్త అట్టముక్క, నా దగ్గర ఉన్నది అదే. కొత్తది నెల రోజులు వాడి చూసేదాకా పాతది ఇవ్వకండి.

నేను ఇచ్చేశాను. అది అమ్మకి పెళ్ళిలో పుట్టింటివాళ్ళు ఇచ్చింది. చలికాలం ముందు ఎండలో వేసేది, కొన్నేళ్ళకోసారి దూది విప్పించి ఏకించి మళ్ళీ కుట్టించేది. ఇవాళ అది తిరిగి ఇమ్మని కూడా అడిగాను. ఎప్పుడో అమ్మేశామన్నారు. ఎవరికి అమ్మారో చెప్పలేదు. నీలం, తెలుపు చారల గుడ్డ, ఒక మూల అమ్మ వేసిన ఎర్రదారం కుట్టు ఉంటుంది. పాతపట్నంలో గానీ, మెళియాపుట్టి వైపు గానీ ఎవరింట్లోనైనా కనిపిస్తే దయచేసి చెప్పండి. ఎంతడిగినా ఇచ్చి తెచ్చుకుంటాను.