పాక్-12 కూలడం వెనక ఎవరి చెయ్యి? నాలుగు అనుమానాల్లో ఏది నిలబడుతుంది?

2023 ఆగస్టు 4, శుక్రవారం. అమెరికా పశ్చిమ తీరపు కాలేజీ క్రీడల కూటమి పాక్-12 కాన్ఫరెన్స్‌లో అప్పటికి మిగిలిన తొమ్మిది యూనివర్సిటీల ప్రెసిడెంట్లు ఆ పొద్దున ఆపిల్ ప్రసార ఒప్పందానికి కట్టుబడి సంతకాలు చేస్తారని అందరూ అనుకున్నారు. సంతకాలు పడలేదు. చీకటి పడేసరికి ఒరెగాన్, వాషింగ్టన్ యూనివర్సిటీలు బిగ్ టెన్ అనే మరో కాన్ఫరెన్స్‌లో చేరిపోయాయి. అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12 అనే ఇంకో కాన్ఫరెన్స్ దారి పట్టాయి. 1915 నుంచి వేళ్లూనుకున్న కాన్ఫరెన్స్‌లో నాలుగంటే నాలుగు మిగిలాయి: స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్క్లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ), ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్.

ఈ ఆటల లోకానికి కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. అమెరికాలో కాలేజీ జట్లు విడివిడిగా కాకుండా ఒక కాన్ఫరెన్స్‌గా కలిసి తమ మ్యాచ్‌ల ప్రసార హక్కులు అమ్ముకుంటాయి. వచ్చిన డబ్బు పంచుకుంటాయి. డబ్బులో సింహభాగం అమెరికన్ ఫుట్‌బాల్‌ది. మన తెలుగు పిల్లలు ఎందరో చదివే అరిజోనా స్టేట్ కూడా ఈ కథలో ఉంది కాబట్టి, ఇక్కడి మన కుటుంబాల్లోనూ ఈ చర్చ బాగానే నడిచింది.

కర్ణుడి చావుకు కారణాలెన్నో అన్నట్టు, ఎవరిని కదిలించినా ఒక కారణం చెబుతారు. వాటిలో గట్టిగా వినిపించేవి నాలుగు. టీవీ కంపెనీల కుట్ర. లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీల స్వార్థం. చదువుల హోదా. పాక్-12 పెద్దల చేతగానితనం. వీటిని తూచడానికి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. ఎవరు ఎందుకు వెళ్లారో చెబితే చాలదు, ఎవరిని ఎందుకు వదిలేశారో కూడా ఆ కారణమే చెప్పగలగాలి.

ముందు టీవీ కుట్ర. అభిమానులకు ఈ అనుమానం ఊరికే రాలేదు. 2020 డిసెంబర్‌లో క్రీడా చానెల్ ఈఎస్‌పీఎన్, దక్షిణ రాష్ట్రాల కాన్ఫరెన్స్ ఎస్ఈసీతో కొత్త ఒప్పందం చేసుకుంది. దాంతో అంతవరకూ సీబీఎస్ చానెల్‌లో వచ్చే పెద్ద మ్యాచ్‌లు కూడా 2024 నుంచి ఈఎస్‌పీఎన్ చేతికి వచ్చాయి. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2021 జూలైలో, టెక్సస్, ఓక్లహోమా బిగ్ 12ని వదిలి అదే ఎస్ఈసీకి వెళ్తున్నాయన్న వార్త బయటపడింది. అప్పుడు బిగ్ 12 కమిషనర్ బాబ్ బౌల్స్‌బీ చేసిన పని ఈ మొత్తం కథలోనే అసాధారణం. తమకు డబ్బు కట్టే టీవీ కంపెనీకే ఆయన లీగల్ నోటీసు పంపారు. మిగిలిన జట్లలో కొన్నింటిని లాక్కోమని మరో కాన్ఫరెన్స్‌ను ఈఎస్‌పీఎన్ ప్రోత్సహిస్తోందని, బిగ్ 12ని దెబ్బతీసి లాభపడాలని చూస్తోందని ఆ నోటీసు సారాంశం. ఆరోపణల్లో పస లేదని ఈఎస్‌పీఎన్ కొట్టిపారేసింది. వ్యవహారం కోర్టు దాకా పోలేదు. కానీ అభిమానులు చాటుగా అనుకునే మాటను ఒక కమిషనరే సంతకం పెట్టి కాగితం మీదికి తెచ్చాక, దాన్ని పిచ్చి ఊహ అని తోసేయడం న్యాయం కాదు.

పాక్-12 విషయానికొస్తే వేలు ఫాక్స్ వైపు తిరుగుతుంది. బిగ్ టెన్ నెట్‌వర్క్‌లో మెజారిటీ వాటా ఫాక్స్‌దే. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీలు రెండూ, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, పాక్-12ని వదిలి బిగ్ టెన్‌కి వెళ్తున్నట్టు ప్రకటించాయి. ఏడు వారాలకే బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లు దాటిన ఒప్పందం ప్రకటించింది. అమెరికాలో రెండో అతిపెద్ద టీవీ మార్కెట్ లాస్ ఏంజెలెస్. ఆ రెండు జట్లూ లోపలికి వచ్చాకే ధర అంత పలికింది. ఇందులో దాపరికం ఏముంది? పట్టపగలు జరిగిన బేరం ఇది.

అయితే కుట్ర అన్న మాట ఒక చోట తేలిపోతుంది. 2022 శరదృతువులో ఈఎస్‌పీఎన్ పాక్-12కి ఒక్కో యూనివర్సిటీకి ఏటా 3 కోట్ల డాలర్ల లెక్కన బేరం పెట్టిందని, పాక్-12 పెద్దలు 5 కోట్లు అడిగారని, దాంతో ఈఎస్‌పీఎన్ లేచి వెళ్లిపోయిందని తర్వాత వార్తలొచ్చాయి. చంపాలనుకున్న వాళ్లు బతకడానికి సరిపడా డబ్బు ఎందుకు ఇవ్వజూపుతారు? అదే సీజన్‌లో బిగ్ 12 ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో ఆరేళ్లకు 228 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. సగటున ఒక్కో జట్టుకు ఏటా 3.17 కోట్లు. అంటే పాక్-12 కాదనుకున్న అంకె, బిగ్ 12 కళ్లకద్దుకున్న అంకె, దాదాపు ఒకటే.

ఇక లాస్ ఏంజెలెస్ స్వార్థం. ఇందులో నిజం ఉంది గానీ అది సగమే. 2012-13 సీజన్ నుంచి పాక్-12లో అందరికీ సమాన వాటా. మార్కెట్ మాది, వాటా మాత్రం వాషింగ్టన్ స్టేట్ ఉండే పుల్‌మన్ ఊరితో సమానమా అన్నది యూఎస్‌సీ అభిమానుల పాత గుర్రు. యూసీఎల్‌ఏ సంగతి వేరు. 2021 ఆర్థిక సంవత్సరంలో ఆ క్రీడా విభాగం లోటు 6.25 కోట్ల డాలర్లు. అప్పుల్లో ఉన్నవాడు పెద్ద జీతం దొరికితే ఊరు మారతాడు, అందులో గూఢమైన ఉద్దేశం వెతకక్కర్లేదు. యూసీఎల్‌ఏ, కాల్ రెండింటినీ నడిపే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా పాలకమండలి సభ్యులు, అంటే రీజెంట్లు, 2022 డిసెంబర్‌లో ఈ మార్పుకు ఒప్పుకుంటూ, తోబుట్టువైన కాల్‌కి యూసీఎల్‌ఏ పరిహారం కట్టాలని షరతు పెట్టారు. తర్వాత అది ఏటా కోటి డాలర్లుగా తేలింది. నష్టం ఎవరికి జరిగిందో ప్రభుత్వ యూనివర్సిటీ యాజమాన్యమే ఒప్పుకున్నట్టు లెక్క.

కానీ ఈ ఇద్దరూ పోయాక కూడా పాక్-12 పదమూడు నెలలు బతికే ఉంది. పది జట్లతో ఒక కాన్ఫరెన్స్ నడవదా? బిగ్ 12 తన రెండు పెద్ద జట్లు పోయాక నడిచింది కదా. వెంటనే హ్యూస్టన్, సిన్సినాటీ, యూసీఎఫ్, బీవైయూలను తెచ్చుకుని నిలదొక్కుకుంది. కాబట్టి మొదటి దెబ్బ లాస్ ఏంజెలెస్‌దే అయినా, ప్రాణం తీసింది అది కాదు.

చదువుల హోదా గురించి ఎక్కువ మాట్లాడాల్సిన పని లేదు. అమెరికన్ యూనివర్సిటీల అసోసియేషన్, అంటే ఏఏయూ సభ్యత్వం ఉన్నవాళ్లనే బిగ్ టెన్ ప్రెసిడెంట్లు కోరుకుంటారని అంటారు. నెబ్రాస్కాను 2010లో ఆహ్వానించేటప్పటికి సభ్యత్వం ఉంది, 2011లో పోయింది. ఒరెగాన్, వాషింగ్టన్, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ నాలుగూ సభ్యులే. వినడానికి బాగానే ఉంది. మరి స్టాన్‌ఫర్డ్, కాల్ సంగతేంటి? ప్రపంచంలో ఏ జాబితా తీసినా పై వరుసలో ఉండే ఆ రెండు యూనివర్సిటీలనూ బిగ్ టెన్ గుమ్మం బయటే ఉంచింది. చివరికి అట్లాంటిక్ తీరపు ఏసీసీలో, మొదటి ఏడేళ్లు 30 శాతం టీవీ వాటాకే చేరాల్సి వచ్చింది. అరిజోనా స్టేట్‌కి 2023లోనే ఏఏయూ సభ్యత్వం వచ్చింది, అయినా వెళ్లింది బిగ్ 12కే. హోదా ఉంటే అడ్డు చెప్పరేమో గానీ, హోదా చూసి ఎవరూ పిలవలేదు. నా కొలతకు ఈ వాదన ఆగదు.

నాలుగోది నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, ఎందుకంటే ఇది తప్పించుకోగలిగిన చావు. 2012లో పాక్-12 సొంత చానెళ్లు పెట్టింది, ఒకటి జాతీయం, ఆరు ప్రాంతీయం. టీవీ కంపెనీకి వాటా ఇవ్వకుండా మొత్తం తామే ఉంచుకున్నారు. ఆలోచన తప్పని నేననను. కానీ వాటాదారు లేకపోతే ఆ చానెళ్లను ఇంటింటికీ చేర్చే బలమూ లేదు. శాటిలైట్ టీవీ కంపెనీ డైరెక్‌టీవీతో ఒప్పందం ఎన్నడూ కుదరలేదు. బిగ్ టెన్ నెట్‌వర్క్‌కి ఫాక్స్ తోడుండగా, పాక్-12 ఒంటరిగా బేరమాడింది. సొంత మ్యాచ్ చూడలేక అభిమానులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. దానికి తోడు కేబుల్ కంపెనీ కామ్‌కాస్ట్ కొన్నేళ్లపాటు పొరపాటున ఎక్కువ కట్టిన దాదాపు 5 కోట్ల డాలర్ల సంగతి పై అధికారులకు తెలిసి కూడా ప్రెసిడెంట్లకు చెప్పలేదని 2023 మొదట్లో బయటపడింది. ఇద్దరు అధికారుల ఉద్యోగాలు పోయాయి.

అంతకంటే పెద్ద తప్పు 2021 ఆగస్టులో జరిగింది. బిగ్ 12 కుప్పకూలేలా ఉన్న రోజులవి. అందులోని జట్లు దిక్కులు చూస్తున్నాయి. పాక్-12 బిగ్ టెన్, ఏసీసీలతో 'అలయన్స్' అని ఒక స్నేహం ప్రకటించింది. దానికి సంతకం చేసిన కాగితం కూడా లేదు. రెండు రోజులకే, మేం విస్తరించం అని తేల్చేసింది. ఏడాది తిరక్కముందే ఆ అలయన్స్ స్నేహితుడైన బిగ్ టెనే యూఎస్‌సీ, యూసీఎల్‌ఏలను తీసుకుపోయింది. ఆ ఆగస్టులో నాలుగు జట్లను పిలిచి ఉంటే 2023 నాటికి బిగ్ 12 స్థానంలో పాక్-12 ఉండేదని నేను నమ్ముతున్నాను.

చివరికి 2023 వేసవిలో చేతిలో మిగిలింది ఆపిల్ బేరం. ఒక్కో జట్టుకు సుమారు 2.3 కోట్ల డాలర్లు, చందాదారులు పెరిగితే ఇంకొంత అని అప్పట్లో వార్తలు. కొలరాడో జూలై 27నే బిగ్ 12కి వెళ్లిపోయింది. ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌లో పూర్తి వాటా కూడా కాకుండా దాదాపు 3 కోట్లతో మొదలయ్యే తక్కువ వాటాకే ఒప్పుకున్నాయి. ఏడాది కిందట కాదనుకున్న అంకె అదే. దాని కోసం ఇంటిని వదులుకున్నారు.

నాలుగింటినీ పక్కపక్కన పెడితే, నా ఓటు నాలుగోదానికి, కాస్త మొదటిదాన్ని కలుపుకుని. ధర నిర్ణయించింది టీవీ కంపెనీలు, ఆ ధరను చదవలేకపోయింది ప్రెసిడెంట్లు. మిగిలిపోయిన వాళ్లను వివరించేది కూడా ఈ జంటే. ఒరెగాన్ స్టేట్ ఉండే కోర్వాలిస్, వాషింగ్టన్ స్టేట్ ఉండే పుల్‌మన్ చిన్న ఊళ్లు, వాటితో టీవీ ధర పెరగదు కాబట్టి ఎవరూ పిలవలేదు. గెలుపోటములతో, విశ్వాసంతో దానికి సంబంధం లేదు. 2023 సెప్టెంబర్‌లో ఆ రెండు యూనివర్సిటీలూ పుల్‌మన్‌కి దగ్గర్లోని కోల్‌ఫ్యాక్స్‌లో ఉన్న విట్‌మన్ కౌంటీ కోర్టుకెళ్లి, వెళ్లిపోతున్న పది జట్లకు ఇక కాన్ఫరెన్స్ మీద ఓటు లేదని వాదించి నవంబర్‌లో నెగ్గాయి. ఆ తీర్పు వల్లే పాక్-12 పేరూ ఆస్తులూ దక్కాయి. బోయిజీ స్టేట్, శాన్ డియేగో స్టేట్, గొంజాగా వంటి వాళ్లను పిలవడానికి చోటు మిగిలింది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు గర్వంగా అనిపించేది ఆ రెండు చిన్న ఊళ్ల పట్టుదలే.

కుట్ర ఉందని నమ్మేవాళ్లతో నాకు తగువు లేదు. కాకపోతే దాన్ని రహస్య ఫోన్ కాల్స్‌లో కాకుండా ఒప్పందాల తేదీల్లో వెతకమంటాను. ఇప్పుడు అందరి కళ్లూ ఏసీసీ మీద, ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ ఎప్పుడు జారుకుంటాయోనని. 2025 మార్చిలో కుదిరిన రాజీ ప్రకారం ఏసీసీని వదిలేందుకు కట్టాల్సిన సొమ్ము ఏటా తగ్గుతూ 2030-31కి 7.5 కోట్ల డాలర్ల దగ్గర ఆగుతుంది. బిగ్ టెన్ టీవీ ఒప్పందం 2029-30 సీజన్‌తో ముగుస్తుంది. బిగ్ 12ది ఆ మరుసటి ఏడు. వచ్చే రెండు మూడేళ్లలో ఎవరైనా ఏసీసీ నుంచి దూకుతున్నారని వార్త వస్తే నేను అంత తేలిగ్గా నమ్మను. 2029లో వస్తే మాత్రం నమ్ముతాను.