రూపాయి అప్పా, డాలర్ అప్పా?

ప్రభుత్వం అప్పు చేయడం తప్పేం కాదు. ఎవరి దగ్గర, ఏ కరెన్సీలో చేసిందన్నదే అసలు లెక్క. భారత్, శ్రీలంకలను పక్కపక్కన పెట్టి చూడండి.

మన కేంద్రం, రాష్ట్రాల అప్పు కలిపితే జీడీపీలో దాదాపు 80 శాతం. తక్కువేం కాదు. కానీ అందులో చాలా భాగం రూపాయల్లోనే ఉంది. ఇచ్చింది ఎక్కువగా మన బ్యాంకులు, ఎల్ఐసీ లాంటి సంస్థలు. డాలర్ రేటు పెరిగితే ఈ అప్పు పెరగదు. అలాగని ఊరికే రాలేదు: బడ్జెట్‌లో పెద్ద ముక్క వడ్డీలకే పోతోంది. బ్యాంకుల డబ్బు ప్రభుత్వమే లాగేసుకుంటే ఫ్యాక్టరీ పెట్టేవాడికి మిగిలేదీ తగ్గుతుంది.

శ్రీలంక 2007 నుంచి డాలర్ బాండ్లు (డాలర్లలోనే తిరిగి కట్టాల్సిన అప్పు పత్రాలు) అమ్మింది. మొదట్లో బాగానే గడిచింది. 2019 చివర్లో వ్యాట్‌ను (అమ్మకాలపై పన్ను) 15 నుంచి 8 శాతానికి తగ్గించడంతో ఖజానా రాబడి పడిపోయింది, ఆ వెంటనే కరోనాతో టూరిస్టులు, వాళ్లు తెచ్చే డాలర్లు ఆగిపోయాయి. 2022లో డాలర్ విలువ సుమారు 200 లంక రూపాయల నుంచి 360 దాకా ఎగబాకింది. అంటే కొత్తగా పైసా తీసుకోకుండానే డాలర్ అప్పు భారం లంక రూపాయల్లో అంత పెరిగింది! ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేశారు. పెట్రోలు క్యూలు మనం టీవీల్లో చూసినవే.

1991లో డాలర్లు నిండుకుని బంగారం తాకట్టు పెట్టిన మనకు ఆ టెన్షన్ కొత్త కాదు. నా ఓటు రూపాయి అప్పుకే, అదీ రోడ్లకో, కరెంటు లైన్లకో ఖర్చు పెడితేనే.