నాఫియాన్ 212 పొర, డి521 ద్రావణం: వాడుకలో ఎలా ఉన్నాయి

హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్, ఆక్సిజన్‌ల నుంచి విద్యుత్తును తయారుచేసే పరికరం) పరిశోధనకు ప్రోటాన్లను ప్రసరింపజేసే పొర కావాలంటే ఎక్కువమంది ముందుగా చూసేది నాఫియాన్‌నే. 1960ల చివర డ్యుపాంట్‌లో పుట్టిన ఈ పాలిమర్‌ను 2015 నుంచి కెమూర్స్ సంస్థ అమ్ముతోంది. మా ప్రయోగశాలలో 212 రకం పొరనూ, ఎలక్ట్రోడ్ల తయారీకి డి521 ద్రావణాన్నీ వాడుతున్నాము.

సుమారు 51 మైక్రాన్ల మందం గల ఈ పొర రెండు రక్షణ ఫిల్ముల మధ్య అందుతుంది. వాటిని ముందే ఒలిస్తే పొర చేతి తొడుగుకు అతుక్కుని ముడుచుకుపోతుంది కనుక, కావలసిన కొలతకు కోసుకున్నాకే ఒలవడం మేలు. నీటిలో నానితే పొడవు సుమారు పదో వంతు పెరుగుతుంది. సెల్ బిగించేటప్పుడు ఈ సాగుదలను లెక్కలోకి తీసుకోవాలి.

ఈ పాలిమర్‌కు వెన్నెముకలాంటి టెఫ్లాన్ తరహా ప్రధాన గొలుసు నీటిని దూరం పెడుతుండగా, పక్క గొలుసుల చివరనున్న సల్ఫోనిక్ ఆమ్ల సమూహాలు నీటిని చేరదీసి ప్రోటాన్లకు దారి ఏర్పరుస్తాయి. అందువల్ల తగినంత తేమ ఉన్నంతవరకు దీని పనితీరు నిజంగా అద్భుతం. తేమ తగ్గితే ప్రసరణ దారుణంగా పడిపోతుంది; 80 డిగ్రీల సెల్సియస్ దాటాక ఆ తేమను నిలపడమే పెద్ద పని. 160 డిగ్రీల దగ్గర పనిచేయాలనుకునేవారు ఫాస్ఫారిక్ ఆమ్లం పట్టించిన పాలీబెంజిమిడజోల్ అనే మరో పాలిమర్ పొరలవైపు వెళ్లాలి. మిథనాల్ సెల్స్‌కు మాత్రం సుమారు 183 మైక్రాన్ల 117 రకాన్నే సూచిస్తాను, ఎందుకంటే పలుచని పొరగుండా ఇంధనం ఎక్కువగా అవతలికి జారిపోతుంది.

పొర ఎంపికపై పెట్టే శ్రద్ధ ద్రావణంపై చాలామంది పెట్టరు, కానీ ఫలితాన్ని తేల్చేది చాలాసార్లు అదే. బరువులో 5 శాతం పాలిమర్ ఉన్న డి521ను ప్లాటినం-కార్బన్ సిరాలో (ఎలక్ట్రోడ్ కోసం కలిపే ఉత్ప్రేరక మిశ్రమంలో) తక్కువగా కలిపితే ప్రోటాన్లు ప్లాటినం దాకా చేరవు. ఎక్కువైతే రంధ్రాలు పూడిపోయి ఆక్సిజన్‌కు దారి ఉండదు. కార్బన్ బరువుకు 0.8 వంతు పాలిమర్‌తో మొదలుపెట్టి సర్దుకోవచ్చు. డి521లో ఆల్కహాల్ ఉంటుంది, పొడి ఉత్ప్రేరకంపై ఆల్కహాల్ నేరుగా పడితే నిప్పంటుకోవచ్చు. అందుకని ముందుగా పొడిని నీటితో పూర్తిగా తడపడం తప్పనిసరి.

ధర మాత్రం విద్యార్థుల ప్రాజెక్టులకు భారమే. అలాంటివారు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ప్రయోగశాలలోనే సల్ఫోనేషన్ (సల్ఫోనిక్ ఆమ్ల సమూహాలను చేర్చడం) చేసుకోగల పీక్ (పాలీఈథర్ ఈథర్ కీటోన్) పాలిమర్‌ను ప్రయత్నించవచ్చు. అయితే దీర్ఘకాలపు మన్నికలో అది 212కు సాటిరాదు.