నాలుగు వందల డాలర్ల రిపోర్టు, మూడు డాలర్ల నకలు

అమెరికాలో ఎవరి వంశవృక్షమైనా వెతకాలనుకుంటే, ‘మీ పూర్వీకుల రిపోర్టు తయారుచేసి ఇస్తాం’ అనే ఆన్‌లైన్ వాళ్లకి మాత్రం పైసా ఇవ్వకండి. మా అల్లుడు 400 డాలర్లు కట్టాడు. వాళ్లు పంపిన నలభై పేజీల రంగుల పీడీఎఫ్‌లో ఉన్నది ఎవరి ముత్తాతో!

అల్లుడిది నెబ్రాస్కా. వాళ్ల పెద్దవాళ్లు 1870ల్లో బొహీమియా నుంచి వచ్చి సెలీన్ కౌంటీలో స్థిరపడ్డ చెక్ రైతులు. నేనేమో ముప్పై ఏళ్లు రెవెన్యూలో పనిచేసి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైనవాణ్ణి. ఒమాహాలో అమ్మాయి ఇంట్లో ఊరికే కూర్చున్న నాకు ఆ రిపోర్టు చూడగానే చేతులు దురదపెట్టాయి. ప్రభుత్వం 160 ఎకరాలు ఇచ్చిందని రాశారు గానీ, ఆ భూమి ఏ సెక్షన్‌లో ఉందో ఎక్కడా లేదు. సర్వే నంబరు లేకుండా పట్టా ఏమిటండీ?

గురువారం నలుగురం కార్లో సెలీన్ కౌంటీకి బయల్దేరాం. దారి హాయిగా ఉంది. చెప్పుకోవాల్సింది బస గురించి, చెప్పకపోతే మా ఆవిడ ఊరుకోదు.

‘పాతకాలపు రైతు ఇల్లు, వంటగది, లైబ్రరీలో ఆ ప్రాంతపు కుటుంబాల ఆల్బమ్‌లు’ అని ప్రకటన. రాత్రికి 159 డాలర్లు, రెండు రాత్రులు. పైన క్లీనింగ్ ఫీజు 85. మొత్తం 403, పన్ను వేరు. తీరా వెళ్తే వంటగదికి తాళం. గది మేడ మీద, మెట్లు నిచ్చెనకి చెల్లెళ్లలా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులతో మా ఆవిడ ఒక్కో మెట్టుకీ అల్లుణ్ణి కాదు, నన్ను తిట్టింది. వేడినీళ్లు ఒక్కరి స్నానానికే సరి. వెంట తెచ్చుకున్న రైస్ కుక్కర్ వరండాలో ప్లగ్గుకి పెట్టి, మంచం మీద పేపర్లు పరుచుకుని పెరుగన్నం, ఆవకాయ తిన్నాం. తలుపు వెనక కాగితం: వెళ్లేటప్పుడు దుప్పట్లు మడతపెట్టాలి, చెత్త బయట వేయాలి. మరి ఆ 85 ఎందుకు? ఆల్బమ్‌లు తిరగేస్తే ఒక్క ఫొటో కింద కూడా పేరు లేదు. ఎక్కడో పాత సామాన్ల షాపులో కొన్నారని నా అనుమానం. లింకన్ నగరంలో మామూలు మోటెల్‌లో దిగండి, గంటలోపు ప్రయాణం.

మర్నాడు విల్బర్‌లో కౌంటీ కోర్టు భవనానికి వెళ్లాం. ‘మీరెవరు, మీకెందుకు’ అని అడిగినవాళ్లు లేరు. దరఖాస్తు లేదు, రేపు రమ్మనడం లేదు. కౌంటర్ దగ్గరి పెద్దావిడ బల్ల మీద పాత పుస్తకాలు పెట్టి, అమ్మినవాళ్ల సూచిక ఇది, కొన్నవాళ్ల సూచిక అది అని చూపించి తన పనికి వెళ్లిపోయింది. నా సర్వీసంతా గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది.

వీళ్ల సర్వే పద్ధతి ముచ్చటగా ఉంటుంది. ఆరు మైళ్ల చదరం ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, సెక్షన్‌కి 640 ఎకరాలు. అందులో పావు వంతే ఆ 160. పట్టా కాపీ అమెరికా ప్రభుత్వ ల్యాండ్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాన్లోని సెక్షన్ నంబరు పట్టుకుని వెతికితే అసలు సంగతి బయటపడింది. ఒకే ఇంటిపేరుతో ఇద్దరు జాన్‌లు! మన ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లున్నట్టే. అల్లుడి వాళ్ల జాన్ 1893లో కొడుక్కి 80 ఎకరాలు రాసిచ్చాడు. ప్రతిఫలం ‘ఒక డాలరు, ప్రేమాభిమానాలు’. అచ్చం మన సెటిల్మెంట్ దస్తావేజే. భార్య సంతకం దగ్గర మేరీ అని రాసి, నడుమ చిన్న ఇంటూ గుర్తు, పైనా కిందా ‘ఆమె గుర్తు’ అన్న మాటలు. అది ఆవిడ చేత్తో పెట్టింది కాదు, గుమాస్తా ఎత్తిరాసిన నకలు అని నేను చెప్పినా అల్లుడు దాని మీద వేలు ఆనించి చాలాసేపు అలాగే ఉన్నాడు. రిపోర్టులో ఆ భార్య పేరు ఆనా. కాపీకి పేజీకి డాలరు చొప్పున మూడు డాలర్లయింది.

పొరపాటు ఎక్కడ జరిగిందో కూడా తెలిసింది. 1890 జనాభా లెక్కల కాగితాలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో దెబ్బతిని, చివరికి దాదాపు అన్నీ పోయాయి. 1880కీ 1900కీ మధ్య ఇరవై ఏళ్ల ఖాళీని రిపోర్టువాళ్లు ఊహతో పూడ్చేశారు. నెబ్రాస్కాలో 1885లో విడిగా లెక్క తీశారన్న సంగతి 400 తీసుకున్నవాళ్లకి తెలియదా?

విల్బర్‌లో కొలాచే అనే చెక్ బన్ను తినండి, ఒక్కోటి రెండు డాలర్లు. పొద్దుట్నుంచి ముఖం ముడుచుకున్న మా ఆవిడ మధ్యలో నల్లగా ఉన్నదాన్ని అనుమానంగా కొరికి, “ఇవి గసగసాలేనండీ!” అంది. మరో ఆరు కట్టించుకుంది. ఆ తర్వాత మోకాళ్ల ఊసు లేదు.

శనివారం బియాట్రిస్ దగ్గరి హోమ్‌స్టెడ్ పార్కు. కాపురముండి సాగు చేసుకునేవాళ్లకి ప్రభుత్వ భూమి ఇచ్చేలా అధ్యక్షుడు లింకన్ 1862లో సంతకం పెట్టిన చట్టం కింద, 1863 జనవరి 1న మొదటి దరఖాస్తుల్లో ఒకటి పెట్టిన డేనియల్ ఫ్రీమన్ భూమి అదే. ప్రవేశం ఉచితం. అక్కడి కంప్యూటర్లో జాన్ ఫైలు దొరికింది. ఐదేళ్లు కాపురమున్నట్టు ఇద్దరు సాక్షులు చెప్పాలి. 14 అడుగులకి 16 అడుగుల ఇల్లు, ఒక బావి, 55 ఎకరాలు దున్నినట్టు చెప్పిన రెండో సాక్షి ఎవరనుకున్నారు? ఆ రెండో జాన్! 400 డాలర్లు పోసి పక్కింటాయన చరిత్ర కొన్నామని అల్లుడు పార్కులో పడీపడీ నవ్వాడు. అమ్మాయికి మాత్రం నవ్వు రాలేదు, కార్డు తనది.

డబ్బు వాపసు అడిగితే, తర్వాతి రిపోర్టుకి 15 శాతం డిస్కౌంట్ కూపన్ పంపారు. అల్లుడు ఆ మూడు పేజీల నకలు స్కాన్ చేసి జవాబుగా పంపాడు. ఇంతవరకు ఉలుకూ లేదు, పలుకూ లేదు.