పాత ఫోన్ షాపులో ఇచ్చేసే ముందు లాక్ చేసిన ఫోల్డర్ తెరిచి చూసుకోండి

కొత్త ఫోన్ కొని పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేద్దామనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే షాపుకి వెళ్లండి. నేను పోగొట్టుకున్నవి ఇక తిరిగి రావు, ఆ సంగతి ఖాయమైపోయింది. మీవి ఇంకా మీ చేతిలోనే ఉన్నాయి, అందుకే కూర్చుని ఇంత వివరంగా రాస్తున్నాను.

నా పాత ఫోన్‌లో ఎనిమిదేళ్ల ఫోటోలున్నాయి. 31 వేలకు పైగా ఫోటోలు, 1,900 వీడియోలు, అన్నీ కలిపి 186 జీబీ. షాపులో కౌంటర్ దగ్గరున్న అబ్బాయి "మీరు కూర్చోండి మేడమ్, డేటా అంతా మేమే వేసిస్తాం" అన్నాడు. రెండు ఫోన్లకీ మధ్య ఒక కేబుల్ తగిలించాడు, అదీ నేను తీసుకెళ్లిన పాత ఛార్జర్ కేబులే. 35 నిమిషాల్లో స్క్రీన్ మీద పూర్తయిందని వచ్చింది. కొత్త ఫోన్‌లో గ్యాలరీ తెరిచి నా చేతికిచ్చాడు. వేలితో కిందికి జరుపుతూ పోయాను. ఈ ఏడాది, నిరుడు, అంతకు ముందేడు, పిల్లలు చిన్నవాళ్లయిపోతూ కనిపించారు. అన్నీ ఉన్నాయనిపించింది. "చూసుకున్నారు కదా?" అన్నాడు. చూసుకున్నానన్నాను. డేటాకి షాపు బాధ్యత లేదని రాసున్న కాగితం మీద సంతకం పెట్టించుకుని, నా కళ్లముందే పాత ఫోన్‌కి ఫ్యాక్టరీ రీసెట్ (లోపలున్నదంతా చెరిపేసేది) కొట్టాడు.

ఆ రాత్రి ఇంట్లో నెట్ పోయింది. ఏదో ఫోటో చూద్దామని తెరిస్తే మసగ్గా వచ్చి, మధ్యలో చక్రం తిరుగుతూ ఆగిపోయింది. ఇంకోటి తెరిచాను, అదీ అంతే. పొద్దున్నే నెట్ వచ్చాక అవే ఫోటోలు బాగానే తెరుచుకున్నాయి కాబట్టి మనసు కుదుటపడింది. అప్పటికీ నాకు అర్థం కాలేదు. నేను షాపులో చూసింది ఫోన్‌లోకి వచ్చిన ఫోటోల్ని మాత్రమే కాదు. కొత్త ఫోన్‌లో నా అకౌంట్‌తో లాగిన్ అవగానే గ్యాలరీ క్లౌడ్‌లో (నెట్ ద్వారా కంపెనీ సర్వర్లలో) ఉన్నవాటి చిన్న చిన్న నమూనాల్ని కూడా తెచ్చి, ఫోన్‌లో ఉన్నవాటితో కలిపి వరసగా పేర్చి చూపించింది. ఏది ఫోన్‌లో ఉందో, ఏది ఎక్కడో సర్వర్‌లో ఉందో మామూలు కంటికి తేడా తెలీదు.

సోమవారం పాప స్కూల్లో పాట పాడిన వీడియో కోసం వెతికాను. లేదు. నెలల వారీగా చూసుకుంటూ పోతే గడిచిన 14 నెలల్లో తీసిన వీడియో ఒక్కటీ లేదు. అప్పుడు గుర్తొచ్చింది లాక్ చేసిన ఫోల్డర్, అంటే ఎవరి కంటా పడకుండా ఫోటోలు దాచుకునే చోటు. తెరిచాను. "ఫోల్డర్‌ని సెటప్ చేసుకోండి" అని అడిగింది. లోపలున్నవాటి సంగతి అటుంచండి, అసలు ఆ ఫోల్డర్ ఉన్నట్టే కొత్త ఫోన్‌కి తెలీదు.

అందులో ఏమున్నాయో చెప్పాలి. నాన్న రాసుకున్న నాలుగు డైరీలు. నాన్న పోయాక తమ్ముడూ నేనూ రెండు ఆదివారాలు కూర్చుని, కిటికీ వెలుగులో పేజీ పేజీకీ ఫోటో తీశాం. 640 పేజీలు. ఇంట్లోవాళ్ల గురించి, డబ్బు గురించి, తన భయాల గురించి రాసుకున్న మాటలు. పిల్లలో చుట్టాలో ఫోన్ తీసుకుని చూస్తే బాగుండదని లాక్ వేశాను. తర్వాత ఒక వానాకాలం అలమర వెనక పైపు పగిలి ఆ డైరీలు తడిసి ముద్దయిపోయాయి. సిరా అంతా కలిసిపోయింది. ఫోటోలున్నాయి కదా అని అప్పుడు ధైర్యం చెప్పుకున్నాం.

ఆండ్రాయిడ్‌లో ఈ లాక్ ఫోల్డర్లు, సెక్యూర్ ఫోల్డర్లు మామూలు గ్యాలరీకి బయట, విడిగా ఉంటాయి. ఫోన్ నుంచి ఫోన్‌కి పంపే టూల్ మామూలుగా వాటి జోలికి పోదు. ఆ ఫోల్డర్‌కి ప్రత్యేకంగా బ్యాకప్ ఆన్ చేసి ఉంటే తప్ప క్లౌడ్‌కి కూడా వెళ్లవు. ఫోటోలు దాచుకోవడానికి వేసుకునే విడి యాప్‌లు చాలావరకు ఇంకా ప్రమాదం. అవి ఫోటోని తమ సొంత నిల్వలోకి లాక్కుంటాయి. యాప్ తీసేస్తే దాంతోపాటే పోవచ్చు. ఐఫోన్‌లో హిడెన్ ఆల్బమ్ మాత్రం లైబ్రరీలో భాగమే కాబట్టి మిగతావాటితోపాటు వస్తుంది. అంటే ఆండ్రాయిడ్‌లో మనం ఎవరి కంటా పడకూడదని అన్నిటికంటే జాగ్రత్తగా దాచినవే వెనక మిగిలిపోతాయి. ఈ ఒక్క ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పుంటే చాలేది.

షాపుకి పరుగెత్తాను. నా ఫోన్ ఇంకా అక్కడే ఉంది. ఆన్ చేస్తే కొత్త ఫోన్‌లాగే భాష ఎంచుకోమని పలకరించింది. వీడియోలు ఎందుకు రాలేదని అడిగితే ఆ అబ్బాయి చెప్పాడు: "వీడియోలు వేస్తే గంటలు పడుతుంది మేడమ్, ఎలాగూ క్లౌడ్‌లో ఉంటాయి కదా అని టిక్ తీసేశాను." నన్ను ఒక్క మాట అడగలేదు. నా క్లౌడ్ ఉచిత కోటా 14 నెలల కిందటే నిండిపోయి బ్యాకప్ ఆగిపోయింది. ఆ సంగతి అతనికి తెలిసే దారి లేదు. ఫోన్ పైన అప్పుడప్పుడూ వచ్చే ఆ నోటీసుని పక్కకి తోసేస్తూ వచ్చింది నేనే, ఆ తప్పు నాది. కానీ అడక్కుండా టిక్ తీసెయ్యడం, తీసేశాక "డేటా అంతా వచ్చేసింది" అని చెప్పడం, ఆ మాట మీద నమ్మకంతో రీసెట్‌కి ఒప్పించడం షాపు తప్పు. నేను సంతకం పెట్టిన కాగితం చూపించి మేనేజర్ ఊరుకున్నాడు.

డేటా రికవరీ చేసే ఒకాయన దగ్గరికి ఆ ఫోన్ పట్టుకెళ్లడానికి మాత్రం ఒప్పుకున్నారు. ఆయన ఫోన్ విప్పను కూడా విప్పకుండా తిరిగిచ్చాడు, డబ్బు తీసుకోలేదు. ఆయన చెప్పింది మీరూ తెలుసుకోవాలి. పాతకాలం కంప్యూటర్ డిస్కులో ఫైల్ చెరిపేసినా అక్షరాలు కొన్నాళ్లు అక్కడే పడుంటాయి, తవ్వితే దొరకొచ్చు. ఇప్పటి ఫోన్లు అలా కాదు. ఆండ్రాయిడ్ 10తో (అది 2019లో వచ్చింది) విడుదలైన ఫోన్లన్నిటిలోనూ, ఇప్పుడు వాడుకలో ఉన్న ఐఫోన్లలోనూ లోపలున్న సమాచారమంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది, అంటే ఒక రహస్య తాళంచెవి లేకుండా చదవలేని రూపంలో ఉంటుంది. రీసెట్ కొట్టగానే ఫోన్ ముందు ఆ తాళంచెవినే నాశనం చేస్తుంది. చిప్ మీద ఇంకా ఏవో మిగిలున్నా వాటిని ఫోటోగా మార్చే దారి ఎవరి దగ్గరా లేదు, కంపెనీ దగ్గర కూడా లేదు. దొంగ చేతిలో పడితే మనకి రక్షణగా ఉండాలని చేసిన ఏర్పాటు అది. కాబట్టి రీసెట్ చేసిన ఫోన్ లోపలి మెమరీ నుంచి ఫోటోలు తెస్తామని చెప్పే యాప్‌లకి ఒక్క పైసా కట్టొద్దు. నేను రెండిటికి కట్టాను. అవి చూపించినవన్నీ కొత్త ఫోన్‌లో అప్పటికే ఉన్నవే.

ఇంకో సంగతి, ఇది షాపులో కూర్చునే తేల్చుకోగలిగేదాన్ని. ఛార్జర్‌తో వచ్చే కేబుళ్లు చాలావరకు యూఎస్‌బీ 2.0వి. వాటి గరిష్ఠ వేగం సెకనుకి 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. అది కాగితం మీద లెక్క, నిజంగా వచ్చేది అంతకంటే బాగా తక్కువ. సరే, 60 వచ్చిందనే అనుకుందాం. 35 నిమిషాల్లో దాటగలిగేది 126 జీబీ. నావి 186. అంటే కనీసం 60 జీబీ రాలేదని అప్పటికే గోడ గడియారం చెబుతోంది. మీరు కూడా వెళ్లేముందు సెట్టింగ్స్‌లో మీ ఫోటోలు, వీడియోలు ఎన్ని జీబీ ఉన్నాయో చూసి రాసుకోండి. పని అనుకున్నదానికంటే మరీ తొందరగా అయిపోతే సంతోషించకండి, ఎందుకయిపోయిందో అడగండి.

చూసుకోవడం అంటే ఎలా చూసుకోవాలో ఇప్పుడు చెప్తాను. కొత్త ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. ఇది మాత్రం మర్చిపోకండి. నెట్ లేనప్పుడు నిండుగా తెరుచుకున్నదే మీ ఫోన్‌లో నిజంగా ఉన్నట్టు. అన్నిటికంటే పాత ఫోటో ఒకటి, మధ్యలో ఒకటి, నిన్న తీసింది ఒకటి తెరిచి, వేళ్లతో బాగా పెద్దది చేసి చూడండి. ఏదైనా కాగితాన్ని తీసిన ఫోటో ఉంటే అదే మంచి పరీక్ష, అక్షరాలు స్పష్టంగా ఉంటే అసలు ఫైలు వచ్చినట్టే. ఒక పొడుగాటి వీడియోని చివరిదాకా నడపండి. ఆ తర్వాత గ్యాలరీని వదిలేసి ఫైల్ మేనేజర్‌లోకి వెళ్లి, డీసీఐఎమ్ అనే ఫోల్డర్‌లో (కెమెరా ఫోటోలు ఉండేది) ఎన్ని ఫైళ్లు, ఎంత సైజు ఉన్నాయో రెండు ఫోన్లలోనూ పక్కపక్కన పెట్టి పోల్చండి. వాట్సాప్ ఫోటోలు, స్క్రీన్‌షాట్లు, డౌన్‌లోడ్లు, ఎడిటింగ్ యాప్‌లు చేసుకున్న ఫోల్డర్లు అందులో ఉండకపోవచ్చు, వాటిని విడిగా చూడాలి. మెమరీ కార్డు ఉంటే దాన్ని పాత ఫోన్‌లోంచి తీసి మీ జేబులో వేసుకోండి. అయితే ఆ కార్డుని ఫోన్ లోపలి నిల్వలాగా కలిపేసుకుని ఉంటే (ఆండ్రాయిడ్ 6 నుంచి కొన్ని ఫోన్లలో ఈ సదుపాయం ఉంది), అది ఆ ఒక్క ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. అలాంటప్పుడు రీసెట్‌కి ముందే దాన్ని ఖాళీ చేసుకోవాలి. ఇక లాక్ చేసిన ఫోల్డర్. దాన్ని పాత ఫోన్‌లో తెరిచి, లోపలివన్నీ మామూలు గ్యాలరీలోకి తెచ్చి, కొత్త ఫోన్‌కి చేరాక అక్కడ మళ్లీ లాక్ వేసుకోండి. ఒక గంట బయట ఉంటే కొంప మునగదు.

క్లౌడ్ ఉంది కదా అనేవాళ్లకి రెండు మాటలు. గూగుల్ ఫోటోస్‌లో కాస్త తగ్గించిన నాణ్యతతో ఎన్నయినా ఉచితంగా పెట్టుకునే రోజులు 2021 జూన్ 1తో అయిపోయాయి. ఇప్పుడు మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నిటికీ కలిపి ఉచితంగా వచ్చేది 15 జీబీ. ఐఫోన్ వాళ్ల ఐక్లౌడ్‌లో అయితే 5. పాత రోజుల నమ్మకంతోనే ఇంకా ఉన్నవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే చాలామంది. ఆఖరి బ్యాకప్ ఏ తేదీన జరిగిందో ఒకసారి చూడండి, అంతే. గూగుల్ ఫోటోస్‌లో చోటు మిగిల్చే స్టోరేజ్ సేవర్ పెట్టుకుంటే 16 మెగాపిక్సెళ్లు దాటిన ఫోటో 16కి తగ్గుతుంది, పెద్ద వీడియోలు 1080పికి దిగుతాయి. ఐఫోన్‌లో ఆప్టిమైజ్ స్టోరేజ్ ఆన్‌లో ఉంటే అసలు ఫోటో ఐక్లౌడ్‌లోనూ, ఫోన్‌లో చిన్నదీ ఉండొచ్చు. అలాంటి ఫోన్ నుంచి కంప్యూటర్‌కి కాపీ చేసుకుని అసలువి దాచుకున్నాననుకోవడం పొరపాటు. ఇంకోటి, సింక్ అయ్యే చోట, అంటే ఫోనూ క్లౌడూ ఒకదాన్ని చూసి ఒకటి మారే చోట, ఒక ఫోన్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. చోటు కోసం కొత్త ఫోన్‌లో చెరపకండి. పొరపాటున చెరిపితే వెంటనే చెత్తబుట్ట చూడండి. ఐఫోన్‌లో 30 రోజులు, గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినవైతే 60 రోజులు, కానివైతే 30 రోజులు ఉంటాయి.

నా సలహా అడిగితే, షాపుకి వెళ్లే ముందు రోజే అన్నీ కంప్యూటర్‌లోకో బయటి డిస్కులోకో కాపీ చేసుకోండి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ఫోటోల కింద, కంప్యూటర్‌కి పంపే చోట 'కీప్ ఒరిజినల్స్' ఎంచుకోండి, దారిలో రూపం మార్చే పని లేకపోతే మధ్యలో ఆగిపోయే బెడద తగ్గుతుంది. పెన్‌డ్రైవ్ అయితే ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయిందేమో చూసుకోండి, అందులో 4 జీబీకి మించిన ఒక్క ఫైలు పట్టదు, పొడుగు వీడియోలు ఆగిపోతాయి. అనుమానంగా చవగ్గా దొరికే భారీ సైజు డ్రైవ్‌ల జోలికి అసలు పోకండి. లోపల కొద్దిపాటి చోటే ఉంచి, కంప్యూటర్‌కి మాత్రం పెద్ద అంకె చూపించేలా తయారుచేసినవి ఉన్నాయి. నిండాక ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, తెరిస్తే ఏమీ ఉండదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో ముందు పరీక్షించాకే ఫోటోలు వేయాలి.

అన్నిటికంటే ముఖ్యంగా, కొత్త ఫోన్ కొన్న రోజునే పాత ఫోన్ ఇవ్వకండి. కొన్ని రోజులు గడువు అడగండి. ఇవ్వకపోతే ఎక్స్ఛేంజ్ వదులుకోండి, పాత ఫోన్‌కి ఇచ్చే ఆ కాస్త తగ్గింపు కోసం తొందరపడాల్సిన పని కాదిది. రీసెట్ బటన్ మీ వేలితో, మీ ఇంట్లో, అన్నీ చూసుకున్నాక నొక్కండి. "మేమే చేస్తాం" అంటే వద్దని చెప్పడానికి మొహమాటపడకండి. నేను మొహమాటపడ్డాను.

తమ్ముడికి అప్పట్లో వాట్సాప్‌లో పంపిన 23 పేజీలు వాడి ఫోన్‌లో దొరికాయి. డాక్యుమెంట్‌గా పంపి ఉంటే అసలు ఫోటో అలాగే వెళ్లేది, మామూలు ఫోటోగా పంపడంతో కుదించుకుపోయాయి. తీసిన తేదీ కూడా లోపల లేదు, ఫైలు పేరులో ఉన్న పంపిన రోజే మిగిలింది. పెద్దది చేస్తే నాన్న గుండ్రటి అక్షరాల అంచులు చెదిరిపోతున్నాయి. కూడబలుక్కుని చదువుతూ ఒక పుస్తకంలోకి ఎత్తి రాసుకుంటున్నాను. ఇప్పటికి 9 పేజీలయ్యాయి.