డావిన్సీ కోడా, నేమ్ ఆఫ్ ద రోజా: కలిసి చదవడానికి ఏది మేలు?

అమలాపురం, పాలకొల్లు, నరసాపురం వైపు కలిసి పుస్తకాలు చదువుకునేవాళ్లు ఒకటే అడుగుతున్నారు. క్రైస్తవులూ హిందువులూ పక్కపక్కన కూర్చునే చోట, మతం మీద దుమారం రేపిన థ్రిల్లర్ పెట్టాలంటే డాన్ బ్రౌన్ ‘ద డావిన్సీ కోడ్’ (2003) మంచిదా, ఉంబెర్తో ఎకో ‘ద నేమ్ ఆఫ్ ద రోజ్’ (1980) మంచిదా?

చదివించడంలో బ్రౌన్‌దే పైచేయి. చిన్న చిన్న అధ్యాయాలు 105 ఉన్నాయి. వారానికి 35 చొప్పున మూడు వారాల్లో అయిపోతుంది. ఎకో మొదటి వంద పేజీలు కష్టం. తగ్గించమని మిత్రులూ సంపాదకులూ చెప్పినా ఆయన ఒప్పుకోలేదు.

అయినా నా దృష్టిలో తేల్చేది బ్రౌన్ నవల మొదట్లో ఉన్న ‘ఫ్యాక్ట్’ పేజీ. ప్రయరీ ఆఫ్ సయన్ అనే రహస్య సంఘం 1099లో పుట్టిన నిజమైన సంస్థ అని అక్కడ ఉంది. అసలది 1956లో పియెర్ ప్లాంటార్ ఫ్రాన్సులో రిజిస్టరు చేయించిన సంఘం. దానికి ఆధారంగా పారిస్ జాతీయ గ్రంథాలయంలో దొరికాయన్న పత్రాలు 1960లలో ఆయనా స్నేహితులూ కల్పించి అక్కడ పెట్టినవి. నిజమని ముద్ర పడ్డాక, పాఠకుడు 55వ అధ్యాయంలో టీబింగ్ అనే చరిత్రకారుడి పాత్ర చెప్పేదంతా చరిత్రే అనుకుంటాడు. 325లో నైసియాలో జరిగిన బిషప్పుల సభలో యేసు దైవత్వం బొటాబొటి ఓట్లతో నెగ్గిందంటాడతను. ఆ సభ తేల్చింది కుమారుడు తండ్రితో సమానుడా, తండ్రి సృష్టించినవాడా అన్నది. రెండు వందలకు పైగా బిషప్పుల్లో చివరిదాకా సంతకం పెట్టనన్నది ఇద్దరే.

58వ అధ్యాయంలో, బైబిల్లో చేరని ఫిలిప్పు సువార్త వస్తుంది. యేసు మగ్దలేనే మరియను పెదవుల మీద ముద్దు పెట్టుకునేవాడని నవల చదివిస్తుంది. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదీ దగ్గర దొరికిన ప్రతిలో సరిగ్గా ఆ మాట ఉండాల్సిన చోట చిల్లు ఉంది. ఎక్కడన్నది ఎవరూ చదవలేరు.

నవల చెడుగా చూపే ఓపస్ డెయ్ కాథలిక్ సంస్థ కాబట్టి మన లూథరన్, బాప్టిస్టు, బ్రదరన్ సభ్యులకు ఆ భాగం పెద్దగా తగలదు. మరియ దగ్గరే గొంతులు లేస్తాయి. 2006లో రాష్ట్ర ప్రభుత్వం ఈ కథ సినిమాను ఆపిస్తే హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది.

ఎకో దగ్గర హత్యలు కల్పన, తగాదా నిజం. 1327, ఉత్తర ఇటలీలో ఒక మఠం, ఏడు రోజుల కథ. తగాదా ఇదీ: క్రీస్తుకూ శిష్యులకూ సొంత ఆస్తి ఉండేదా? లేదనడం మతద్రోహమని 1323లో పోప్ 22వ జాన్ నిజంగానే ప్రకటించాడు. నవలలో మతద్రోహులను విచారించే అధికారి బెర్నార్ గీ చరిత్రలో ఉన్న మనిషే. గుడి మాన్యాల, చర్చి ఆస్తుల వ్యాజ్యాలు ఎరిగిన గోదావరి జిల్లాల వాళ్లకు ఈ ప్రశ్న ఇట్టే అందుతుంది, పైగా ఏ ఒక్కరి విశ్వాసాన్నీ బోనులో నిలబెట్టదు.

బ్రౌన్‌దే ‘ఏంజెల్స్ అండ్ డీమన్స్’ (2000) కూడా అడుగుతున్నారు. అందులో గెలీలియోను ఇల్యూమినాటి అనే రహస్య సంఘం సభ్యుణ్ణి చేశాడు; ఆ సంఘం పుట్టింది 1776లో, గెలీలియో పోయింది 1642లో. రైల్లో కాలక్షేపానికి చాలు.

నా ఓటు ఎకోకే. మొదటి వారం ‘మొదటి రోజు’ వరకే పెట్టుకోండి. లాటిన్ వాక్యాల దగ్గర ఆగకండి, ముందూ వెనకా వాక్యాల్లో భావం దొరుకుతుంది. రెండో రోజు ఉదయం రెండో శవం కనిపించాక కథే లాక్కుపోతుంది. బ్రౌనే కావాలంటే ‘ఫ్యాక్ట్’ పేజీ ముందు పైకి చదివించి, ప్లాంటార్ సంగతి అప్పుడే చెప్పేయండి. 55, 58 అధ్యాయాలు ఒకే రోజు చర్చకు రావాలి. విడదీస్తే సగం విన్నవాళ్లు ఆ వారమంతా ఊళ్లో అదే చెబుతారు.